పుంజుల గంపలో పెట్టలు

పర్చూరు
ఫిబ్రవరి 20, 1999

ప్రియమైన సంజీవికి,

నీ బుడే రాసే ఉత్తరం. ఇక్కడ అందరం బానే ఉన్నాం. జమీలా పొద్దున్నే లేచి నన్ను తిడుతోంది కాబట్టి దాని ఆరోగ్యానికి ఢోకా లేదు. మిరపకాయ కల్లాల మీదికొచ్చింది, ఊళ్ళన్నీ తుమ్ములే. నేను లూనాకి గంపలు కట్టుకుని ఆ కల్లాల చుట్టూనే తిరుగుతున్నా. నువ్వు పోయినసారి ఇచ్చిన కోడిపిల్లలకి గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు వేశాను. ఇంకొల్లులో ఒకావిడ పసుపు రంగు పిల్ల కావాలంది. రంగెయ్యకుండా పుట్టినదాన్ని పుట్టినట్టే ఇచ్చి, రంగు డబ్బులు కూడా తీసుకున్నా.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

ఆ ఇంకొల్లులోనే మస్తానమ్మని ఒకామె ఉంది. పోయిన వానల్లో పాత సత్తుబిందె ఇచ్చి నా దగ్గర నాలుగు పిల్లల్ని తీసుకుంది. "పెట్టలేనా?" అని అడిగితే, "పెద్దయ్యాక అవే చెబుతాయి పిన్నీ" అన్నాను. ఎవరడిగినా నేను చెప్పేది అదే గదా. మీ హ్యాచరీలో పుంజులని పక్కన పారేసిన పిల్లల్నే తెచ్చి అమ్ముతున్నానంటే ఎవడు కొంటాడు? మొన్న ఆవిడ నా లూనాకి అడ్డం నిలబడింది. "ఒరే బుడే, నీ పుంజు గుడ్డెట్టింది" అంది. ఎండకి మతి పోయిందేమో అనుకున్నా. రెక్క పట్టుకుని దొడ్లోకి లాక్కెళ్ళింది. తెల్లటి పెట్ట, పాత బుట్టలో మహారాణిలా కూర్చుని ఉంది. దాని కింద గుడ్డు. పక్కింటి యలమందయ్య గొడ్లచావిట్లో ఇంకో పెట్ట.

నీ బల్ల మీది పిల్లల్ని తప్ప ఇంకెవరివీ నేను తీసుకోను. మరి పుంజుల గంపలోకి పెట్టలెలా వచ్చాయిరా? నేనంటే ఐదో తరగతిలో గోడ దూకినవాణ్ణి, నాకేం తెలుసు. పిల్ల పుట్టిన రోజునే కింద చూసి ఆడో మగో తేల్చేసే పెద్దమనిషివి, పదేళ్ళ పైనుంచి అదే పని మీద ఉన్నవాడివి. నువ్వే చెప్పాలి.

చెల్లెమ్మ సామ్రాజ్యాన్ని అడిగానని చెప్పు.

పుంజులమ్మబోయి పెట్టలమ్మిన నీ నేస్తం,
బుడే


గుంటూరు
మార్చి 1, 1999

ప్రియమైన బుడేకి,

నీ ఉత్తరం అందింది. సామ్రాజ్యానికి చదివి వినిపిస్తే అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా పనేమిటో నీకు తెలుసు. అయినా ఇంకోసారి రాస్తాను, బుర్రకెక్కించుకో. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునే పిల్లని ఎడం చేతిలో పట్టి, బొటనవేలితో కింద నొక్కి తెరిచి, బల్బు వెలుగులో చూడాలి. ఆవగింజలో సగం కూడా ఉండని బొడిపె కనపడితే పుంజు, లేకపోతే పెట్ట. రెప్ప వేసేలోగా తేలిపోవాలి. పెట్టలు గుడ్ల ఫారాలకి వెళ్తాయి. ఈ జాతి పుంజులు గుడ్లు ఎటూ పెట్టవు, కూరకి కూడా ఒళ్ళు చెయ్యవు, అందుకని వాటిని వేరే పెట్టెలో వేస్తాం. అందులో నువ్వు తీసుకెళ్ళినవి బతుకుతాయి. మిగతావాటి సంగతి రాయను.

పెట్టని పుంజుల్లో వేసేవాడు పుంజుని పెట్టల్లోకి కూడా పంపుతాడు. మేపి మేపి చివరికి అది కూతపెడితే ఫారం వాళ్ళు ఊరుకుంటారా? పురుగు పత్తిని తినేసిన ఏడు పొలం వదిలేసి వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. ఇది కూడా పోతే నాకింకో పని చేతకాదు.

నువ్వు దీన్ని ఎటు లాగుతున్నావో నాకు తెలుసు. మన గౌస్ బాషా కూతురి పెళ్ళిలో కూడా ఇదే పాట పాడావు, ఒకసారి కళ్ళు చూపించుకోరా అని. ఆవగింజలో సగాన్ని చూసే కంటికి డాక్టరెందుకురా? నా పెళ్ళి విడిదిలో నీళ్ళ బానలో కప్పని వేసిన ఘనుడివి నువ్వు. ఇదీ అలాంటిదే అయి ఉంటుంది. అయితే ఇప్పుడే చెప్పెయ్యి, నవ్వి ఊరుకుంటాను. దీంతో మాత్రం ఆడుకోకు.

సగం కోపంతో,
సంజీవరావు


పర్చూరు
మార్చి 22, 1999

ప్రియమైన సంజీవికి,

నీ సగం కోపం అందింది. మిగతా సగం దాచుకో, అవసరం పడేలా ఉంది. మార్టూరులో మన ఆదాం ఇంట్లో ఇంకో పెట్ట బయటపడింది. పుంజే గదాని కోసుకుందామని వాడు కత్తి నూరుతుంటే, అది వాడి కాళ్ళ దగ్గరే గుడ్డు పెట్టిందట. వాళ్ళావిడ ముందు కత్తి దాచేసి, తర్వాత వాణ్ణి తిట్టిందట.

ఇప్పుడు ఊళ్ళల్లో నా వైభోగం చూడాలి నువ్వు. బుడే పిల్లల్లో పెట్టలు పడుతున్నాయని లాటరీ టిక్కెట్లు లాగినట్టు లాగుతున్నారు. ఒకావిడ పిల్లని తలకిందులుగా పట్టుకుని, రెక్కలు కొడితే పెట్టంటది. ఇంకొకావిడ కాళ్ళు ముడిస్తే పెట్టంటది. "నువ్వు ముందు మీ ఆయన్ని అలా పట్టుకుని చూడు" అన్నా ఒకామెని. చెప్పు తీసింది. నాకైతే వ్యాపారం బాగుంది. దిగులంతా నీ గురించే.

నా మాట నమ్మొద్దు. నన్ను నమ్మి బాగుపడ్డవాడు ఈ తాలూకాలో లేడు. ఆదివారం బస్సెక్కి రా. నీ కళ్ళతో నువ్వే చూసుకుందువు గాని. జమీలా కోడి పులుసు చేస్తానంటోంది. నాటుకోడేలే, నీ బల్ల మీది చుట్టాల జోలికి పోను.

గుమ్మంలో నిలబడి ఎదురుచూసే,
బుడే


గుంటూరు
ఏప్రిల్ 8, 1999

ప్రియమైన బుడేకి,

మీ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను, చెయ్యాడలేదు. పులుసు బాగుందని జమీలమ్మకి చెప్పు. సరిగా తినలేదని నొచ్చుకుందేమో.

ఆ మస్తానమ్మ మాట చెవిలోంచి పోవడం లేదు. "నువ్వేనా బాబూ, పెట్టల్ని పట్టుకుని పుంజులని పారేసేది? పోనీలే, నీ పుణ్యాన మా దొడ్లో గుడ్డు పుట్టింది" అని ఒక గుడ్డు నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. జేబులో వేసుకుని బస్సెక్కాను. పేట దాటకముందే పగిలింది, చొక్కా అంతా సొన. ఇంటికొచ్చాక సామ్రాజ్యం ఇదేంటని అడిగితే బుడే చేసిన పనని చెప్పాను. రెండో మాట అడగలేదు.

పనిలో కుదురు పోయిందిరా. పెట్టెలో వేసిన పిల్లని మళ్ళీ తీసి చూస్తున్నా, వేస్తున్నా, మళ్ళీ తీస్తున్నా. సూపర్‌వైజరు వెనకాలే నిలబడి, "ఏం సంజీవరావుగారూ, ఒక్కోదానికి పేరు కూడా పెడుతున్నారా?" అన్నాడు. పక్క బల్లల దగ్గర ఆడపిల్లలు నవ్వారు. వాళ్ళకి ఈ పని నేర్పింది నేనే.

ఇంటికొచ్చినా అంతే. సామ్రాజ్యం చాటలో బియ్యం పోసుకుని ఏరుతుంటే నేనూ పక్కన కూర్చుని రాళ్ళు ఏరాను. ఒక్కటి కూడా తప్పిపోలేదు. కళ్ళు బానే ఉన్నట్టే గదా అనుకుంటాను. కాసేపటికి మళ్ళీ మొదలు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలీదు.

ఒకటి అడుగుతాను, వెక్కిరించకుండా చెప్పు. నాలో ఏమన్నా తేడా కనపడిందా నీకు?

ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.

స్థిమితం లేని నీ
సంజీవరావు


పర్చూరు
ఏప్రిల్ 15, 1999

ప్రియమైన సంజీవికి,

వెక్కిరించకుండా చెప్పమన్నావు. నాకు రాని విద్యలన్నీ నన్నే అడుగుతావు.

తేడా అంటావా, నీ మొహం చిన్నప్పట్నుంచీ తేడాగానే ఉంటది, నేను అలవాటు పడిపోయా. కంటి సంగతి కంటి డాక్టరే చెప్పాలి. బియ్యంలో రాళ్ళేరడం పరీక్షేంట్రా, అది సామ్రాజ్యానికి కూలి లేని పని.

ఇప్పుడు నేను చెప్పేది విను. గౌస్ బాషా వాళ్ళమ్మకి శుక్లాలొచ్చాయి. వచ్చే మంగళవారం గుంటూరులో కంటాసుపత్రికి తీసుకొస్తున్నాడు. దారిలో మీ ఇంటి దగ్గర ఆగి నిన్నూ ఆటో ఎక్కిస్తాడు. ముసలామెకి తోడెళ్తున్నానని చెప్పుకో, నీ పరువుకి లోటు రాదు. ఎటూ వెళ్ళాక పనిలో పనిగా నువ్వూ చూపించుకో. వెళ్ళనన్నావో, నేనే వస్తా. వచ్చి, అందరూ వినేలా, "డాక్టరుగారూ, వీడికి ఆడా మగా తేడా తెలియట్లేదండీ, కాస్త చూడండి" అంటా. ఆ తర్వాత నీ ఇష్టం.

వెళ్ళొచ్చాక వెంటనే రాయి. రెండు ముక్కలు చాలు.

పోస్ట్‌మ్యాన్‌ని పీక్కుతినే,
బుడే


పర్చూరు
మే 12, 1999

ప్రియమైన సంజీవికి,

జవాబు లేదు. గౌస్ బాషాని అడిగితే, "మీవాణ్ణి ఏదో చీకటి గదిలోకి తీసుకెళ్ళారు, మా పని అయిపోయి మేం వచ్చేసేటప్పటికి ఇంకా బయటికి రాలేదు" అంటాడు. అంతకుమించి వాడి నోట్లోంచి ముక్క రాదు. ఎస్టీడీ బూత్ నుంచి మీ హ్యాచరీకి ఫోన్ చేస్తే, సెలవులో ఉన్నాడని పెట్టేశారు.

ఈ ఎండకి గంపలో పిల్లలు తాళలేవని చెప్పి లూనా బయటికి తియ్యడం మానేశా. నిజానికి నాకే కాలు నిలవట్లేదు. వీధి చివరికి వెళ్తా, వస్తా. జమీలా నా వాలకం చూసి తిట్టడం కూడా ఆపేసింది. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది.

ఏదైనా సరే రాయి. తిట్టి రాసినా సరే.

నీ
బుడే


గుంటూరు
మే 25, 1999

ప్రియమైన బుడేకి,

రాయడం ఆలస్యమైంది. రెండుసార్లు మొదలెట్టి చింపేశాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. గడ్డం ఒక మిషను మీద పెట్టించి, లోపల చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమంది. అన్నీ నొక్కాననే అనుకున్నాను. తర్వాత కాగితం తెచ్చి చూపించింది. ఎడమ కంటి బొమ్మలో సగం నల్లగా ఉంది. ఆ నల్లగా ఉన్నచోట కూడా చుక్కలు వెలిగాయట. వెలిగినట్టే నాకు తెలీదు.

నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి, పక్కచూపుని అంచుల దగ్గర్నుంచి కొరుక్కుంటూ వస్తుందట. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది మాత్రం చివరిదాకా బానే కనపడుతుందట, అందుకే మనిషికి తెలియదట. పోయిన చూపు ఇక రాదు. కుడి కంట్లో ఇప్పుడే మొదలైంది. "ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చుంటే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చేదండీ" అంది. ఉన్న చూపు నిలవాలంటే బతికినన్నాళ్ళూ రోజూ చుక్కల మందు వేసుకోవాలి.

ఉద్యోగం మానేశాను. ఎవరూ పొమ్మనలేదు, నేనే చెప్పి వచ్చేశా. తప్పులు చేస్తున్నానని తెలిశాక ఏ మొహంతో ఆ బల్ల దగ్గర కూర్చోను?

నన్ను తినేస్తున్నది అది కూడా కాదు. నీ గంపలో పడిన పెట్టలు బతికాయి, గుడ్లు పెట్టాయి. నీ గంపలో పడనివి ఎన్నో కదరా. అవన్నీ బతకాల్సినవి. ఎన్నింటిని ఈ చేత్తో ఆ పెట్టెలోకి విసిరానో. ఇంట్లో ఎంత సద్దుమణిగినా నాకు కిచకిచలు వినపడుతూనే ఉన్నాయి.

ఇక పిల్లల కోసం ఇటు రావద్దు. ఇవ్వడానికి నా దగ్గర లేవు.

సంజీవరావు


పర్చూరు
మే 29, 1999

ప్రియమైన సంజీవికి,

దీన్ని పూర్తిగా చదువు. మధ్యలో చింపితే నా మీద ఒట్టే.

నువ్వు ఒక్క పెట్టని కూడా పారెయ్యలేదు. మస్తానమ్మ దొడ్లోది, యలమందయ్య చావిట్లోది, ఆదాం ఇంట్లోది, మూడూ నేను కొని తెచ్చిన పెట్టలు. హైవే పక్కన గుడ్ల ఫారంలో, గుడ్లు తగ్గాయని తీసేస్తుంటే తెచ్చి వాళ్ళ ఇళ్ళల్లో వదిలా. నువ్వొచ్చే రోజు మస్తానమ్మకి గుడ్డు కొని ఇచ్చింది కూడా నేనే. అది వెచ్చగా ఉండాలని పొద్దుట్నుంచి బొడ్లో దోపుకుని తిరిగింది ఆ మహాతల్లి. ఏం మాట్లాడాలో నేర్పాను గాని, "నీ పుణ్యాన" అన్న ముక్క మాత్రం ఆమె సొంతంగా కలిపింది.

ఎందుకంటావా. గౌస్ బాషా కూతురి పెళ్ళిలో నీ ఎడమ పక్కనే కూర్చుని భోంచేశా నేను. అన్నం సగంలో ఉండగా నువ్వు ఎదురుగా ఉన్నవాణ్ణి, "బుడేగాడు ఎటు పోయాడు, తినకుండా?" అని అడిగావు. నాతో ఆడుకుంటున్నావనుకున్నా. నీ మొహం చూస్తే ఆట కాదు. తర్వాత రోడ్డు మీద ఎడమ నుంచి సైకిలు వచ్చి గుద్దబోతుంటే నిన్ను పక్కకి లాగింది నేనే. "కళ్ళు నెత్తికెక్కాయా" అని నువ్వు ఆ సైకిలువాణ్ణి తిట్టావు. అక్కడే చెప్పా, కళ్ళు చూపించుకోరా అని. ఆవగింజ కథ చెప్పావు. ఎదురుగా ఉన్న ఆవగింజ కనపడుతోంది నీకు, పక్కనున్న నేను కనపడట్లేదు. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు వినవు. నీకు దేవుడి మీద కన్నా ఆ బల్ల మీద నమ్మకం ఎక్కువ. అందుకే ఆ నమ్మకం మీదే కొట్టా.

డాక్టరు దాకా నెడదామనుకున్నా. ఉద్యోగం దాకా పోతుందని నా బుర్రకి తట్టలేదు. చేత్తో విసిరానని రాశావే, ఆ ముక్క చదివాక అన్నం దిగడం లేదు. నీ దగ్గర తెచ్చినవన్నీ పుంజులేరా సంజీవీ, ఏనాడూ ఒక్క పెట్ట లేదు. ఈ చుట్టుపక్కల ఊళ్ళు పొద్దున్నే లేచేది నీ పుంజుల కూతకే. గుడ్డు పెట్టలేదని నన్ను తిట్టని ఆడది లేదు. కావాలంటే అందర్నీ లారీ ఎక్కించుకుని వస్తా, మీ సూపర్‌వైజరు ముందు నిలబెడతా. నేనే చెబుతా ఆయనకి. కొడతానంటే కొట్టనీ.

బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళరా.

తల దించుకున్న,
బుడే


గుంటూరు
జూన్ 6, 1999

ప్రియమైన బుడేకి,

తల ఎత్తు. ఉద్యోగం మానలేదు.

నీ పెట్టల సంగతి మస్తానమ్మ దొడ్లోనే తెలిసిపోయింది. గుడ్ల ఫారాల్లో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొన కత్తిరించేస్తారు. నువ్వు చూపించిన పెట్టకి ముక్కు మొండిగా ఉంది. నా బల్ల మీంచి నేరుగా నీ గంపలోకి వచ్చిన పిల్లకి ముక్కెవడు కత్తిరిస్తాడురా? కోళ్ళ మీద బతుకుతూ దాని మొహం కూడా చూడలేదు నువ్వు. అక్కడే నిన్ను పట్టుకుని తందామనుకున్నా. నువ్వెప్పుడు పళ్ళికిలిస్తావా అని చూస్తూ కూర్చున్నా.

నువ్వు నవ్వలేదు. పులుసు తినేటప్పుడు నవ్వలేదు, బస్సెక్కించేటప్పుడూ నవ్వలేదు. విడిదిలో కప్పని వేసి ఆ పూటంతా కూడా నవ్వు దాచుకోలేనివాడివి. నా పేరు చెప్పి కోళ్ళు కొని, ఊరందరి చేతా ఆడించి, ఆఖరికి నవ్వకుండా నన్ను సాగనంపావు. బస్సు పేట దాటేలోగా నాకు వణుకు మొదలైంది. వీడికి నాలో ఏదో కనపడింది, అది నవ్వడానికి వీల్లేనిది అనుకున్నా. తేడా ఏమన్నా కనపడిందా అని అందుకే అడిగాను. అప్పటికీ నువ్వు చెప్పలేదు. మంగళవారం ఆటో రాగానే ఎక్కి కూర్చున్నాను.

డాక్టరమ్మ చెప్పినవన్నీ నిజాలే. ఉద్యోగం మానేశానని రాసింది మాత్రం నీ మీద కసితో. నువ్వు నా నమ్మకం మీద కొట్టావు గదా, నేను నీ నవ్వు మీద కొట్టాను. చెల్లుకి చెల్లు. చేత్తో విసిరానని రాసింది కూడా కసే అనుకో. పుంజులైనా అవీ పిల్లలే గదా, కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.

కంటి సంగతి హ్యాచరీలో నేనే చెప్పాను. దాచుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక తట్ట పిల్లల్ని తెచ్చి ముందు పెట్టి, ఆ ఆడపిల్లల చేతే నాకు పరీక్ష పెట్టించారు. ఒక్కటి కూడా తప్పలేదు. ప్రస్తుతానికి కూర్చోమన్నారు, అప్పుడప్పుడూ చూస్తుంటామన్నారు. ఎన్నాళ్ళు కూర్చోనిస్తారో, ఈ కళ్ళు ఎన్నాళ్ళు కూర్చోనిస్తాయో తెలీదు. పొద్దున్నే సామ్రాజ్యం చుక్కలు వేస్తుంటే పైకి చూస్తూ అదే ఆలోచిస్తుంటా. మంట పుడుతుంది. సామ్రాజ్యం కళ్ళు మూసుకోమంటుంది, నాకేమో మూసుకోబుద్ధి కాదు.

నీకు పిల్లలు సిద్ధంగా ఉన్నాయి. వచ్చి తీసుకెళ్ళు, అన్నీ పుంజులే. వచ్చినప్పుడు మాత్రం బస్టాండు నుంచి ఇంటిదాకా నాకు ఎడమ పక్కన నడువు. ఏదో ఒకటి వాగుతూనే ఉండు. నోరు మూసుకున్నావంటే అక్కడ నువ్వున్నావో లేవో నాకు తెలీదు.

నీ
సంజీవి